దిగని నీళ్లు

తుపాకీ గొట్టంలో పోసిన వేడినీళ్లు అడుగున పక్కనున్న చిల్లులోంచి బయటికి రావాలి. రాలేదు. మూతి దాకా నిండి, పొంగి, మామగారి పంచె తడిపాయి.

అది అల్లుడి చెకుముకి తుపాకీ. మొన్న మామగారితో కలిసి వెళ్లిన వేటలో, పొగమంచులో, పంది అనుకుని కాల్చి బావమరిది కాలు పోగొట్టాడు. మామగారికి ఒక్కగానొక్క కొడుకు. అయినా నేరం మనిషిదే గానీ ఇనుముది కాదు కదా. మసి కడగకపోతే గొట్టాన్ని తుప్పు తినేస్తుంది. తుపాకులు బాగుచేయడమే పనైన మామగారు అది చూస్తూ ఊరుకోలేరు.

కూతురు పొద్దుట్నుంచీ గుమ్మంలోనే నిలబడి బతిమాలుతోంది. తన భర్త ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని మెతుకు ముట్టడం లేదంటోంది.

"సాయంత్రం పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాను. ఈ ఇల్లు కావాలో, మీ ఆయన కావాలో నువ్వే తేల్చుకో."

"కావాలని కాల్చారా నాన్నా?"

"చూసుకోకుండా కాల్చాడు. వేటలోనే ముసలాణ్ణయ్యాను, నా గురి ఎప్పుడైనా తప్పిందా?"

చిల్లులో సూది పెట్టి చూశారు. శుభ్రంగానే ఉంది. ఆయనకి ఏమీ పాలుపోలేదు. కడ్డీ లోపలికి దింపి, మూతి దగ్గర వేలు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించారు. వేలి మందాన తక్కువ దిగింది. లోపల ఏదో ఉంది.

కాల్చాక మళ్లీ దట్టించాడా అని కూతుర్ని అడిగారు. ఆయన దాన్ని అడవిలోనే పారేశారనీ, గోనెలో చుట్టి తెచ్చింది మీరేగా అనీ అంది ఆమె. అదీ నిజమే.

కొసకి మర ఉన్న కడ్డీ తిప్పి, బలంకొద్దీ లాగారు. సీసం గుండు ఊడి నేల మీద పడింది. వెనకే గుడ్డ దింపి తీస్తే, వెళ్లింది వెళ్లినట్టే తెల్లగా వచ్చింది. మసి లేదు, తుపాకీ మందు లేదు. అల్లుడు తొందరలో మందు పోయడం మరిచి ఉత్త గుండు దట్టించాడు. బయట చెకుముకి దగ్గర వేసిన చిటికెడు మందే భగ్గుమంది. మొహం ముందు మంటా పొగా చూసి తనే కాల్చానని నమ్మేశాడు, పిచ్చివాడు.

ఆ మాట చెప్పేసరికి కూతురు ఏడుస్తూనే నవ్వేసింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"మరి తమ్ముడికి తగిలిన గుండు ఎవరిది నాన్నా?"

మామగారు గోడకి ఆనించి ఉన్న తన తుపాకీ వైపు చూశారు.

ఆ పొగమంచులో అదే క్షణాన నిజంగా మోగిన తుపాకీ ఆయనదొక్కటే.