మనిషికొక రాయి

"ఆ కుప్ప ముట్టొద్దు మేస్త్రీ. అడవి దాటేటోళ్లు మనిషికొక్కటి పెట్టిపోయిన రాళ్లు గవి. రాయి పెట్టనోన్ని అడవి దాటనియ్యదు," అని కూలి సోమమ్మ పొద్దున్నే మొత్తుకుంది.

"కంకర తక్కువ పడ్డది. జల్దీ ఎత్తుర్రి," అన్నాడు చందర్. కుప్పంతా పగలగొట్టించి, భద్రాచలం అడవిలో వేస్తున్న కొత్త బాట మీద పరిపించాడు.

చీకటి పడ్డాక అదే బాటలో ఒక్కడే సైకిల్ మీద ఇంటికి బయలుదేరాడు. టైర్ల కింద కంకర కరకరలాడుతోంది. మలుపు తిరగ్గానే వెనక టక్కుమంది. రాయి మీద రాయి పెట్టిన చప్పుడు. కాసేపటికి మళ్లీ టక్.

"ఎవర్రా అది?"

టక్, టక్, టక్.

చందర్ పెడళ్ల మీద లేచి నిలబడి తొక్కాడు. కొంతదూరం పోయాక చెవులు రిక్కించాడు. చప్పుడు ఇప్పుడు ముందు నుంచి వస్తోంది. టైర్ల కింద కరకర వినిపించడం లేదు.

సైకిలాపి సెల్‌ఫోన్ టార్చి కిందికి వేశాడు. పొద్దున పరిపించిన కంకరలో ఒక్క రాయీ లేదు. ఒట్టి ఎర్రమన్ను.

టార్చి పైకెత్తాడు. బాటకు అడ్డంగా నడుమెత్తు రాళ్లకుప్ప.

చప్పుడు ఆగిపోయింది, ఇక అతని వంతే అన్నట్టు.

చందర్ వంగి, రాయి కోసం రెండు చేతులా మన్నంతా తడిమాడు. ఒక్కటీ దొరకలేదు.