పసుపు గేటు దగ్గర పరుగు

ఈ వీధిలో ఇవాళే నా ఆఖరి బట్వాడా. రేపటి నుంచి కాలవ అవతలి బీటు. వెళ్ళే ముందు పసుపు గేటు ఇంటి కుక్కకి బుద్ధి చెప్పాలనుకున్నాను.

ఎండకి మాడాను, వానకి నానాను, పోస్టాఫీసుని ఏనాడూ తిట్టుకోలేదు. కానీ ఈ కుక్క పుణ్యమా అని, పారిపోయే కంగారులో సైకిలు గొలుసుకి చిక్కి నా ప్యాంట్లన్నీ మోకాళ్ళ కింద అతుకులే. దర్జీ నన్ను చూడగానే కుర్చీ వేస్తాడు.

సైకిలు బెల్లు కొట్టాను. గేటు లోపల్నించి ఒకటే మొరుగుడు. రోజూలా పరిగెత్తకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాను. మొరిగి మొరిగి దానికే ఆయాసం వచ్చింది. తోక దించేసి ఎటో చూస్తూ ఉండిపోయింది.

"ఏరా, అయిపోయిందా నీ ప్రతాపం?" అన్నాను.

ఇంటి పెద్దావిడ గిన్నెతో బయటికొచ్చింది. "ఇంకా వెళ్ళలేదేం నాయనా?"

"ఎందుకు వెళ్ళాలండీ?"

"దానికి కళ్ళు పోయి ఏడాదైంది. రోజంతా మూలన పడుంటుంది. నీ బెల్లు వింటేనే లేస్తుంది. నిన్ను తరిమేసి, ఇల్లు కాపాడానన్న ధీమాతో వచ్చి ఇంత ముద్ద తింటుంది. నువ్వు కదలకపోతే ఇవాళ దానికి పస్తే."

కుక్క చెవులు రిక్కించి వింటోంది.

"అమ్మో, చంపేసిందిరోయ్" అని వీధంతా వినబడేలా కేకపెట్టి, సైకిలు గడగడలాడిస్తూ పారిపోయాను. గిన్నె నేలకి రాసుకుంటున్న చప్పుడు వినబడేదాకా మలుపులో నక్కి ఉన్నాను.

రేపు కాలవ అవతల డ్యూటీ ఎక్కే ముందు, ఇటొచ్చి ఒకసారి పారిపోవాలి.