పూలదొంగల సంఘం

కాలనీలో రిటైరైనవాళ్లకి ఎన్ని సంఘాలున్నా, మాణిక్యాంబ టీచరు చేరింది పూలదొంగల సంఘంలోనే. కానీ ఇప్పుడు ప్రతి ఇంటికీ ఏఐ గేటే, మనిషిలా మాట్లాడుతుంది. కొమ్మ వంచగానే "కోసుకోండమ్మా, కవరు ఇమ్మంటారా?" అంటుంది. దొంగతనంలో రుచే పోయింది.

ఆవేళ పొద్దున్నే పదమూడో నంబరు ఇంటి నందివర్ధనం మీద చెయ్యి వేసిందో లేదో, "ఎవరే అది? ఈ వయసులో సిగ్గులేదూ!" అని కేక వినపడింది. మాణిక్యాంబ చెప్పులు వదిలేసి పరుగో పరుగు. ఎన్నేళ్లకి గుండె దడదడలాడింది! దక్కిన ఒక్క పువ్వునీ దేవుడికి పెట్టి మురిసిపోతుంటే ఫోను మోగింది.

"పదమూడో నంబరు గేటునండీ. తిట్టడం కొత్తగా నేర్చుకున్నాను. ఎన్ని మార్కులు వేస్తారు?"

మాణిక్యాంబ ఉసూరుమంది. అయినా టీచరు కదా, పదికి తొమ్మిది వేసింది. వంశమెత్తి తిట్టలేదని ఒక మార్కు కోసేసింది.