ఒళ్లు ఎచ్చబడతందేటి, బాబూ?

వంటమనిషి వంట చూసుకోవాలి. తవిటమ్మ మనిషిని చూసేది.

సాయివర్ధన్‌కి కిడ్నీ మార్చి నాలుగు నెలలైంది. కలకత్తా న్యూ టౌన్‌లో పన్నెండో అంతస్తు ఫ్లాటు. బయటి గాలి సోకితేనే ప్రమాదమని డాక్టర్లు హడలగొట్టడంతో, భార్య ధాత్రి చుట్టాలను కూడా గుమ్మం దాటనివ్వడం లేదు. అయినా తవిటమ్మను పనిలో పెట్టుకుంది. ఆ చుట్టుపక్కల ఫ్లాట్లలో ఏళ్ల తరబడి వండుతున్న తెలుగు మనిషి. పైగా ఎవరూ చెప్పకుండానే మూతికి మాస్కు కట్టుకుని వచ్చింది.

జీతమెంతని అడగలేదు. వచ్చిన రోజు నుంచీ ఆమె అడిగింది ఒక్కటే.

“సాయంకాలం ఒళ్లు ఎచ్చబడతందేటి, బాబూ?”

లేదంటే ఊరుకునేది కాదు. రాత్రి చెమటలు పడుతున్నాయా, అన్నం సయిస్తోందా, దగ్గేమైనా వస్తోందా అని పోలీసు ఆరా. సాయివర్ధన్ నవ్వేసేవాడు. ధాత్రికి మాత్రం ఒళ్లు మండేది. కోలుకుంటున్న మనిషిని పట్టుకుని ఏమిటీ అపశకునపు మాటలు?

అసలే అతని మనసు బాగాలేదు. కిడ్నీ ఇచ్చింది బైకు ప్రమాదంలో పోయిన కుర్రాడని తప్ప ఆస్పత్రి వాళ్లు ఊరూ పేరూ చెప్పలేదు. “నా ఒంట్లో ఇంకెవరో ఉన్నట్టుంది” అని అతను అన్నప్పుడల్లా ధాత్రి మాట మార్చేసేది. వంటింట్లో తవిటమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది.

ఓ సాయంత్రం ధాత్రి ఆఫీసు కాల్ ముగించుకుని గదిలోకి వచ్చింది. నిద్రపోతున్న భర్త వీపుకి చెవి ఆనించి కూర్చుని ఉంది తవిటమ్మ. కళ్ల వెంట నీళ్లు ధారలు కడుతున్నాయి.

ధాత్రి ఆమె రెక్క పుచ్చుకుని హాల్లోకి లాక్కొచ్చింది. ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కొద్దంది.

“నా కొడుకమ్మా” అంది తవిటమ్మ. “జయప్రకాశ్. ఆడి కిడ్నీయే బాబుకేసినారు.”

వాళ్లుండేది నగరానికి ఆ చివర మెటియాబ్రుజ్‌లోనట. కొడుకు పోయిన రోజు ఆస్పత్రి వరండాలో, కిడ్నీ దొరికిందని ధాత్రి ఫోన్లో ఏడుస్తూ చెబుతుంటే విన్నదట, ఆ ఆనవాలు పట్టుకుని ఈ ఇల్లు వెతుక్కుందట. పేర్లంటే దాచారు గానీ, కలకత్తాలో తెలుగు మాట ఎక్కడ దాగుతుంది?

ధాత్రి కోపం ఎటు పోయిందో తెలియదు. ఆమెను కావలించుకుని బావురుమంది. ఏ తల్లి చలవ వల్ల తన మొగుడు బతికాడో ఆ తల్లి చేత ఇన్నాళ్లూ వంట చేయించుకున్నానే అని సిగ్గుపడింది. ఒంట్లో ఇంకెవరో ఉన్నారంటే అందరూ దయ్యమని భయపడతారు గానీ, కన్నతల్లి చెవికి కొడుకు ప్రాణం వినబడదా అనుకుంది.

“ఇక నుంచి ఆయన నీ కొడుకే, అమ్మా. ఎంతసేపైనా చూసుకో. రెండు రోజులుగా కాస్త నలతగా ఉన్నాడు, ఏసీ పడలేదేమో. పక్కన నువ్వు కూర్చుంటే సర్దుకుంటాడు.”

తవిటమ్మ ఆ చేతుల్లోంచి మెల్లగా విడిపించుకుంది. ఇప్పుడే, ఈ పూటే డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మంది. ఎందుకని అడిగింది ధాత్రి.

“ఆడికి టీబీ ఉండేదమ్మా, ఇంట్లో ఆ రోగముందని తెలిస్తే నన్ను ఏ వంటింట్లోకీ రానివ్వరని, ఆస్పత్రోళ్లు అడిగినా నేదనీసినాను.”