ఇసోబే తాతకు పడిన పువ్వులు

ఒప్పు రాస్తే హొరియె టీచర్ ఎర్ర సిరాతో సున్నా చుడుతుంది. బాగా నచ్చితే ఆ సున్నా చుట్టూ రేకులు గీసి పువ్వు చేస్తుంది.

ఈ శనివారం కూడా పువ్వు ఇసోబే తాతకే పడింది.

ముందు బల్ల మీద చినామికి కడుపు మండిపోయింది.

చలికాలం పోయేలోగా ఆమె ఓడెక్కి పట్నం వెళ్లి హైస్కూల్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంగ్లీషు పోతే అన్నీ పోయినట్టే. అందుకే ఈ దీవి కమ్యూనిటీ హాల్లో వారం వారం ఇంగ్లీషు వాక్యాల నమూనాలు వల్లె వేస్తోంది. ఇంతవరకూ ఆమె నోట్‌బుక్‌లో ఒక్క పువ్వూ పూయలేదు.

ఆయనేమో మొన్న మొన్న ఓడ దిగిన కొత్త మనిషి. డెబ్బై దాటాక ఓనమాలు.

"టీచర్, మళ్లీ తప్పు రాశాను. ఇంకొక్కసారి చెప్తారా?" అన్నాడు వెనక బల్ల నుంచి.

"'అలా చేసి ఉంటే' అనే వాక్యం తాతకు ఈ జన్మకు రాదు," గొణిగాడు చినామి పక్కనున్న రిత్సు. పిల్లలు కిసుక్కుమన్నారు.

టీచర్ ఓపిగ్గా మొదటినుంచీ చెప్పింది. చినామి తల వంచుకుని, తన వాక్యం కూడా రబ్బరుతో చెరిపి దిద్దుకుంది.

అప్పుడు గమనించింది. ఆయన మెడ చాచి తన నోట్‌బుక్‌లోకి చూస్తున్నాడు.

"నాది కాపీ కొట్టి పువ్వులు వేయించుకుంటున్నారా తాతగారూ?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లేచి నడుము వంచాడు.

"తప్పయిపోయింది తల్లీ."

తర్వాతి శనివారం గుమ్మం దగ్గర అరలో ఆయన గుడ్డ చెప్పులు లేవు.

చినామికి హాయిగా అనిపించింది. ఇక పువ్వు తనదే.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అంది టీచర్.

ఒక్క చెయ్యీ లేవలేదు. చినామికి రెండు సందేహాలున్నాయి. తనకు తెలియకుండానే వెనక బల్ల వైపు చెవి పెట్టి కూర్చుంది. అక్కణ్నుంచి మాట రాలేదు.

ఆ రోజు ఆమెకు పదిలో ఆరు తప్పులు.

అందరూ వెళ్లాక చినామి టీచర్ దగ్గరికి వెళ్లింది.

"తాతగారు ఇక రారా?"

"నిన్నటి ఓడకు వెళ్లిపోయారు. కూతురి దగ్గరికి, హొక్కైడోకు."

"నేనన్న మాటకేనా?"

టీచర్ బీరువాలోంచి ఇసోబే తాత రాసిన కాగితాలు తీసి ఆమె చేతిలో పెట్టింది.

చినామి ఒక్కొక్కటే తిప్పింది. ప్రతిదానిలో ఒక తప్పు, దాని కింద దిద్ది రాసిన వాక్యం, పక్కన పువ్వు. ఆ తప్పులన్నీ ఎక్కడో చూసినట్టే ఉన్నాయి.

"నా మొదటి పువ్వు ముప్పై ఏళ్ల కిందట ఈ గదిలోనే పాఠం చెబుతూ ఆయన వేసిందమ్మా," అంది టీచర్, "ఇవన్నీ నువ్వు చెయ్యెత్తి అడగలేక చెరిపేసుకున్న తప్పులు."