ఆదివారం పంటినొప్పి

“అక్కా, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తా.”

ప్రతి ఆదివారం పొద్దున తమ్ముడు చెప్పే అబద్ధం ఇది. ఆ లెక్కన అతని నోట్లో ఈపాటికి ఒక్క పన్నూ మిగిలి ఉండకూడదు. అక్క మాత్రం ఏనాడూ నోరు తెరిచి చూపించమనలేదు. బరువైన పచ్చమూత డబ్బా చేతిలో పెట్టి, “నెమ్మదిగా నములు” అని పంపేది.

అతను తిన్నగా పడవల రేవుకి చేరేవాడు. అక్కడ అతన్ని అందరూ బావమరిది అనే పిలుస్తారు. అతనితో పడవెక్కే ఆయన్ని బావ అంటారు. ఆయనకన్నా పెద్దవాళ్ళు కూడా అంతే.

బావ కళ్ళద్దాల షాపు నడుపుతాడు. బావమరిది లిఫ్టులు బాగుచేస్తాడు. ఇద్దరూ చెరిసగం వేసుకుని కొన్న తెరచాప పడవ పేరు తూనీగ. ఇద్దరు పట్టే చిన్న పడవ. అడుగున చేప రెక్కలాంటి పలక, దాని చివర సీసపు దిమ్మ. అదుంది కాబట్టి ఎంత వాలినా మళ్ళీ లేచి నిలబడేది. మిగతా ఒళ్ళంతా బరువు తక్కువ, పొగరెక్కువ. గాలి తగలడం ఆలస్యం, ఉరికేది.

ఇద్దరూ వేరువేరు దారుల్లో వచ్చేవారు. బావ అడిగే మొదటి మాట ఒకటే.

“అక్కకి అనుమానం రాలేదు కదా?”

“ఇంకా లేదు. వచ్చిన రోజున మన ఆదివారాలకి మంగళం పాడేసినట్టే. నీకేం బావా, ఇంట్లో మొహం చూపించాల్సింది నేను!”

బావ డబ్బా మూత తీసి, కళ్ళు మూసుకుని వాసన చూసేవాడు. ఆ తర్వాత సగానికి పైగా ఆయనే లాగించేవాడు.

పందేల్లో తూనీగది ఎప్పుడూ రెండో స్థానమే. దానికీ కారణం అక్కే. గెలిచినవాళ్ళ ఫొటో పేపర్లో వేస్తారు. కాఫీ చల్లారిపోయినా సరే, అక్క పేపరు చివరి పేజీ దాకా వదలదు. అందుకని పందెం ముగిసే గీత దగ్గరపడగానే బావమరిది తెరచాప తాడు కాస్త వదులు చేసేవాడు. వెనకే తరుముకొచ్చే పోటీదారు, గడ్డం కెప్టెన్ పడవ రయ్యిన దాటిపోయేది. వీళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకునేవారు. గెలవకుండా ఉండడానికి అంత కష్టపడేవాళ్ళు ఆ నీళ్ళ మీద ఇంకెవరూ లేరు.

ఆ ఏడాది పెద్ద పందెం రోజున గడ్డం కెప్టెన్ నోరు ఊరుకోలేదు.

“ఏమయ్యా బావా బావమరుదులూ, ఈసారీ నా వెనకేనా? తూనీగ అని పేరు పెట్టుకుంటే సరా, ఎగరొద్దూ?”

బావ నవ్వేశాడు. బావమరిదికి మాత్రం చురుక్కుమంది.

ఆ రోజు గాలి కూడా రెచ్చిపోయింది. పడవ ఒక పక్కకి వాలిపోతుంటే ఇద్దరూ రెండో అంచున కూర్చుని, వీపులు నీళ్ళకి తగిలేంతగా వెనక్కి వంగారు. మలుపు గుర్తుగా నీళ్ళలో తేలే నారింజ రంగు డ్రమ్ము చుట్టూ చివరి మలుపు తిరిగేసరికి తూనీగ ముందుంది. గీత కనిపిస్తోంది. తాడు బావమరిది చేతిలో ఉంది.

“వదులు చెయ్యనా బావా?”

బావ చుక్కాని కాస్త సరిచేశాడు.

“నీ ఇష్టంరా. గెలవాలని నాకు మాత్రం ఉండదా? కానీ మీ అక్క మనసు కష్టపెట్టుకునేట్టయితే ఆ కప్పు మనకొద్దు.”

బావమరిది వెనక్కి చూశాడు. గడ్డం కెప్టెన్ అప్పుడే నవ్వడం మొదలుపెట్టాడు. ఎప్పటిలాగే వీళ్ళు నీరుగారిపోతారని ఆయన ధీమా. పక్కన బావ చుక్కాని పట్టుకుని చిన్నపిల్లాడిలా గీత కేసే చూస్తున్నాడు. ఆ మొహం చూస్తే బావమరిదికి ఒకటే అనిపించింది. ఈ మనిషి ఇంకెన్నాళ్ళని రెండోవాడుగా ఉంటాడు?

తాడు వదల్లేదు. చేతికి రెండు చుట్లు చుట్టి లాగి పట్టాడు. తూనీగ నిజంగానే ఎగిరింది. హారన్ మోగింది. గడ్డం కెప్టెన్ నవ్వు గడ్డంలోనే ఇరుక్కుపోయింది.

అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. కెమెరా కనపడగానే బావ కప్పుని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బావమరిది టోపీ ముక్కు దాకా లాక్కున్నాడు.

“కాస్త నవ్వండి సార్,” అని ఫొటోగ్రాఫర్ బతిమాలాడు.

నవ్వుతూనే ఉన్నారు పాపం, లోపల్లోపల.

మర్నాడు పొద్దున బావమరిది నిద్ర లేచి వచ్చేసరికి భోజనాల బల్ల మీద పేపరు పరిచి ఉంది. అక్క వేలు ఫొటో మీద ఉంది. కప్పు మీద కాదు, టోపీ మీద కాదు. పడవ అంచున మిగిలిపోయిన పచ్చమూత డబ్బా మీద.

“పళ్ళ డాక్టరుగారు బాగున్నారా?” అంది అక్క.

“బా... బాగానే ఉన్నారు.”

“చిక్కినట్టున్నారే. డబ్బాలో పెట్టేది ఇద్దరికీ చాలడం లేదా?”

డబ్బా ఎందుకంత బరువుండేదో బావమరిదికి అప్పటికి గాని తట్టలేదు. సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ భయమేసింది. తూనీగ లేని ఆదివారం ఎలా ఉంటుందో తలచుకుంటేనే ఏడుపొచ్చేలా ఉంది.

“అక్కా, నీకు బాధగా ఉంటే చెప్పు. ఇక వెళ్ళను. ఒట్టు.”

అక్క పేపరు మడిచి అతని నెత్తి మీద ఒకటి వేసింది.

“పిచ్చి సన్నాసీ, మూడేళ్ళ క్రితం ఆయనకి విడాకులిచ్చింది నేను, నువ్వు కాదు.”