పెద్దాయన ప్రశ్నలు

ఆ రోజు మేనేజరమ్మ ఎవరికీ పని చెప్పలేదు.

మూలకణాల మార్పిడి జరిగిన పిల్లలుండే వార్డులో ఆ ఏడేళ్ల పాపను అందరూ అలాగే పిలిచేవారు. నర్సును చేతులు మళ్లీ కడుక్కోమనేది. గాజు తలుపు అవతల నిలబడ్డ నాన్నను గడ్డం గీసుకుని రమ్మనేది. అలాంటి పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది.

"కాస్త ఒళ్లు చేసిందండీ," అంది వాళ్లమ్మ సంబరంగా. "ఏమీ తినకపోయినా బరువు పెరుగుతోంది."

డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మకు ఆ మాట మింగుడుపడలేదు. పాప పొట్ట బిగుసుకుని ఉంది. కుడి పక్కటెముకల కింద వేలు ఆనించగానే పాప ఆ చెయ్యి పట్టుకుని పక్కకు పెట్టేసింది. "పోండి" అని కసురుకోలేదు. డాక్టరమ్మను భయపెట్టింది అదే.

మార్పిడికి ముందు ఇచ్చే ఘాటైన మందుల వల్ల కొందరు పిల్లలకు లివర్‌లోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. తొందరగా పట్టుకుంటే మందుంది. ఆలస్యమైతే ఆ మందు కూడా చేతులెత్తేస్తుంది. అలాగని అనుమానం మీద ఇచ్చేద్దామంటే, అది ఎక్కడైనా రక్తం కారేలా చేయగలదు.

స్కానింగ్ డాక్టరు, "లివర్ కాస్త పెద్దదైంది, కొంచెం నీరుంది. రక్తప్రవాహం మాత్రం బాగానే ఉంది," అన్నాడు. తోటి డాక్టరు, "కళ్లు పచ్చబడలేదుగా, రేపు చూద్దాం," అన్నాడు. చీఫ్ విమానంలో ఉన్నాడు. ఆయన ఫోను పలకలేదు.

"పెద్దాయనకు చెయ్యండి," అంది హెడ్ నర్సు.

పెద్దాయన అంటే లివర్ పెద్దాయన. రిటైరై చాలా ఏళ్లయినా, పేరు వింటే డాక్టర్లు ఇప్పటికీ కుర్చీలోంచి సగం లేస్తారు. జవాబులు చెప్పడు, ప్రశ్నలే అడుగుతాడని అంటారు. చిన్న డాక్టరమ్మ ఆయన్ని ఎన్నడూ చూడలేదు. హెడ్ నర్సు గుర్తు చేసుకుంటూ నంబరు చెబుతుంటే తన ఫోన్‌లో నొక్కింది.

"హలో," అంది ఒక బొంగురు గొంతు.

"నమస్కారం సార్, పిల్లల వార్డు నుంచి మాట్లాడుతున్నాను."

"అమ్మా, నేను..."

"బిజీగా ఉంటారని తెలుసు సార్. ఏడేళ్ల పాప. చాలా సీరియస్. ముందు మొత్తం చెప్పనివ్వండి, తర్వాత తిట్టండి."

"ఉండు తల్లీ, బండి పక్కకి ఆపుతాను."

వెనక నుంచి ఎవరో ఏమైందని అడిగారు. "చిన్నపిల్ల ప్రాణం. కాసేపు ఎవరూ మాట్లాడకండి," అన్నాడాయన. గొంతులన్నీ ఆగిపోయాయి. ఇప్పటికీ ఆయన చుట్టూ శిష్యులుంటారన్న మాట నిజమే అనుకుంది డాక్టరమ్మ.

గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది.

"కళ్లు పచ్చబడ్డాయా?"

"లేదు సార్."

"లివర్ అంటే పచ్చబడాలి కదా?"

వైవా మొదలైందని ఆమె నిటారుగా నిలబడింది. "పెద్దవాళ్లలో సార్. పిల్లల్లో చాలామందికి మొదట్లో పచ్చబడవు. కొందరికి అసలే పచ్చబడవు."

"ఓహో."

ఆ ఓహోకు ఆమె తనకు తానే సగం మార్కులు వేసుకుంది.

"మరి తినకుండా బరువెలా పెరిగింది?"

"నీరు సార్. మందిచ్చినా ఆ నీరు పోవడం లేదు. ప్లేట్‌లెట్లు ఎక్కిస్తున్నా నిలవడం లేదు."

"స్కానింగ్ బాగుందన్నారన్నావు?"

"మొదట్లో అలాగే కనబడొచ్చు సార్. అది కూడా చెడేదాకా ఆగితే..."

"ఆగితే?"

"పాప దక్కదు సార్."

"ఇదేనని నీకు నమ్మకముందా?"

"ఉంది సార్."

"మందు ఉందా?"

"ఉంది సార్."

"మరి నాతో ఎందుకమ్మా మాట్లాడుతూ కూర్చున్నావు?"

పెద్దాయన తిట్టడమంటే ఇదేనని ఆమెకు అర్థమైంది. ఫోన్ పెట్టేసి పరుగెత్తింది. తల్లిదండ్రులకు ఉన్నదున్నట్టు చెప్పి, సాయంత్రంలోగా మందు మొదలుపెట్టించింది.

"ఎవర్నడిగి?" అన్నాడు తోటి డాక్టరు.

"పెద్దాయన్ని."

అతను కుర్చీలోంచి సగం లేచాడు.

తర్వాతి రోజులు గడ్డుగానే గడిచాయి. ఒకసారి పాప ముక్కు నుంచి రక్తం కారింది. అది ఆగేదాకా డాక్టరమ్మ మంచం పక్కనుంచి కదల్లేదు. ఆ తర్వాత పొట్ట మెల్లగా తగ్గింది. ఒక ఉదయం పాప కళ్లు తెరిచి, "చేతులు కడుక్కున్నావా?" అంది నర్సుతో. నర్సు బయటికొచ్చి ఏడ్చింది. మళ్లీ చేతులు కడుక్కుని లోపలికెళ్లింది.

మేనేజరమ్మ ఇంటికెళ్లే రోజు చిన్న డాక్టరమ్మ అదే నంబరుకు ఫోన్ చేసింది.

"సార్, ఆ పాపను ఇంటికి పంపిస్తున్నాం."

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది.

"చల్లని మాట చెప్పావు తల్లీ. ఆ రోజు నా వెనక ఉన్నవాళ్లంతా కనబడ్డప్పుడల్లా పాప ఎలా ఉందని ప్రాణం తోడేస్తున్నారు. నాకేమో నీకు ఫోన్ చేసి అడిగే ధైర్యం చాలలేదు."

"అంతా మీ చలవే సార్. ఒకసారి వచ్చి కలుస్తాను. ఎక్కడుంటారు?"

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకా స్టీరింగు ముందే ఉంటాను తల్లీ," అన్నాడాయన, "నేను సిటీ బస్సు డ్రైవర్ని, ఆ రోజు నువ్వు చేసింది రాంగ్ నంబరు."